మారిషస్ ద్వీపము: యాత్రికులకు కొన్ని మాటలు



సముద్రము దాటి విహారయాత్ర చేయదలచిన తెలుగు కుటుంబములు నేడు చాలా ఉన్నవి. ఎక్కడికి పోవలెను, ఏ మాసమున పోవలెను, అక్కడ మన భోజనము దొరుకునా, భాష తెలియక చిక్కులు పడుదుమా అను ప్రశ్నలు ప్రయాణమునకు ముందు ప్రతి ఇంటను పుట్టునవే. అట్టివారిని దృష్టియందుంచుకొని నేడు మారిషస్ ద్వీపమును గూర్చి చెప్పదలచితిని. ఈ దేశమును ఎన్నుకొనుటకు దాని అందము ఒక కారణము. రెండవ కారణమును ప్రసంగము చివర చెప్పెదను.

ప్రపంచపటమును ముందు పెట్టుకొనినచో ఆఫ్రికాకు తూర్పున మడగాస్కరు అను పెద్ద ద్వీపము కనిపించును. దానికి ఇంకను తూర్పుగా, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైచిలుకు దూరమున, హిందూ మహాసముద్రములో ఒక చుక్క ఉండును. అదియే మారిషస్. ప్రధాన ద్వీపము పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 45 కిలోమీటర్లు. వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య పన్నెండున్నర లక్షల ప్రాంతము. ఉదయము ఫలహారము ఉత్తర తీరమున ముగించుకొని బయలుదేరినవాడు మధ్యాహ్న భోజనమునకు దక్షిణ తీరమును తీరికగా చేరుకొనగలడు. తూర్పున 560 కిలోమీటర్ల దూరమున నున్న రోడ్రిగ్స్ ద్వీపము కూడ ఈ రాజ్యములోనిదే.

ఈ ద్వీపము సముద్రగర్భమునుండి లేచిన అగ్నిపర్వతము. ఆ అగ్ని చల్లారి ఎంతయో కాలమైనది. మిగిలినది నల్లరాతి కొండలు, ఆ రాయి పొడియై ఏర్పడిన సారవంతమైన నేల, ఆ నేలపై చెరకు తోటలు. కొండలు ఎత్తైనవి కావు. అన్నిటికంటె ఎత్తైన శిఖరము 828 మీటర్లు మాత్రమే. కాని అవి మైదానమునుండి ఒక్కసారిగా నిటారుగా లేచుటవలన ఉన్నదానికంటె ఎత్తుగా కనిపించును. ద్వీపము చుట్టును, కొన్ని తావులు తప్ప, పగడపు దిబ్బ ఒక ప్రాకారమువలె ఉన్నది. మహాసముద్రపు కెరటములు ఆ ప్రాకారమునకు తగిలి తెల్లగా విరిగిపోవును. దానికి ఇవతల నున్న నీరు చెరువువలె నిశ్చలముగా, ఒకచోట ఆకుపచ్చగా, ఒకచోట నీలముగా ఉండును. చిత్రపటములలో మనము చూచు మారిషస్ ఈ లోపలి సముద్రమే.

మనుష్యులు ఈ ద్వీపమున కాపురముండి ఎంతో కాలము కాలేదు. 1598లో డచ్చివారు దిగి, తమ రాజకుమారుడైన మారిస్ పేరు దీనికి పెట్టిరి. 1639లో చెరకును తెచ్చినవారును వారే. వారి కాలములోనే డోడో అను ఎగురలేని పెద్ద పక్షి నశించినది. 1710లో డచ్చివారు విడిచిపోగా 1715లో ఫ్రెంచివారు ఆక్రమించిరి. 1735లో గవర్నరుగా వచ్చిన లబూర్దొనే పోర్టు లూయీ నగరమును రేవుపట్టణముగా తీర్చిదిద్దెను. 1746లో మద్రాసును పట్టుకొనిన నౌకాదళాధిపతి ఆయనయే. ఆ దండయాత్రకు ఆయన బయలుదేరినది ఈ ద్వీపమునుండియే. పోర్టు లూయీ కట్టడములలో పుదుచ్చేరి ప్రాంతమునుండి వెళ్లిన పనివాండ్ర చేతిపని కూడ కలదు. 1810లో ఇంగ్లీషువారు ద్వీపమును గెలిచిరి. అయినను ఫ్రెంచి భాషను, చట్టములను, ఆచారములను పోగొట్టలేదు. అందువలననే నేటికిని శాసనసభలో ఇంగ్లీషు, వార్తాపత్రికలలో ఫ్రెంచి, ఇండ్లలోను వీధులలోను క్రియోల్ వినిపించును. 1968 మార్చి 12న దేశము స్వతంత్రమైనది. 1992లో అదే తేదీన గణతంత్రమైనది. మార్చి 12 గాంధీ మహాత్ముడు దండియాత్రకు బయలుదేరిన దినము. దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు 1901లో ఆయన ఈ ద్వీపమున కొన్ని దినములు గడపియుండెను. స్వాతంత్ర్యదినమును ఎన్నుకొనుటలో ఆ స్మృతిని వారు మరువలేదు.

ఇక చూడదగిన స్థలములు. వారము దినములున్నచో ముఖ్యమైనవన్నియు తొందరపడక చూడవచ్చును.

మొదటి రెండు దినములు పోర్టు లూయీకిని ఉత్తర భాగమునకును ఉంచుకొనుడు. నగరము నడుమ పెద్ద సంత ఉన్నది. కూరగాయల అంగళ్లలో మన ఆనపకాయ, బెండకాయ, కరివేపాకు, మునగాకు కనిపించును. మునగాకును అక్కడివారు 'బ్రెడ్ మురుం' అందురు; 'బ్రెడ్' అనగా ఆకుకూర, 'మురుం' అనునది తమిళుల మురుంగై. తపాలాబిళ్లలు సేకరించు అలవాటు గలవారు రేవు ప్రక్కనున్న బ్లూ పెన్నీ మ్యూజియమును తప్పక చూడవలెను. 1847లో ఇక్కడ అచ్చైన ఒక పెన్నీ, రెండు పెన్నీల బిళ్లలు ప్రపంచములో మిక్కిలి అరుదైనవి. వెలుతురుకు రంగు పోవునను భయముచేత అసలు బిళ్లలపై గంటకు కొద్ది నిమిషములు మాత్రమే దీపము వెలిగింతురు. ఆ వేళను ముందుగా కనుగొని పోవుట మంచిది.

ఆ సమీపముననే ఆప్రవాసీ ఘాట్ ఉన్నది. నల్లరాతి మెట్లు పదునారు, కొన్ని గోడలు, ఒక చిన్న ప్రదర్శనశాల. పైపైన చూచినచో అర్ధగంట పని. కాని 1834కును 1920కిని మధ్య భారతదేశమునుండి ఒడంబడిక కూలీలుగా పోయిన సుమారు నాలుగున్నర లక్షల జనములో అత్యధికులు ఈ రేవుననే దిగిరి. 1835లో బానిసత్వము రద్దు కాగా చెరకు తోటలకు చేతులు కావలసివచ్చినవి. ఐదు సంవత్సరముల ఒడంబడికపై వ్రేలిముద్ర వేయించుకొని ఓడలెక్కించిరి. దిగినవారిని రెండు రాత్రులు ఇచ్చటి డిపోలో ఉంచి, వివరములు వ్రాసికొని, తోటలకు పంచియిచ్చెడివారు. 2006లో యునెస్కో ఈ స్థలమును ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించినది.

ఉత్తరమున పాంప్లెమూస్ అను గ్రామములో పెద్ద ఉద్యానవనము ఉన్నది. ఫ్రెంచివారి కాలమున ప్యేర్ ప్వావ్ర్ అను నాతడు సుగంధద్రవ్యముల మొక్కలను రహస్యముగా తెప్పించి పెంచిన తోట ఇది. నేడు జాతిపిత శివసాగర్ రామ్‌గులాం పేరు దీనికి కలదు. 1985లో ఆయన అంత్యక్రియలు జరిగినదియు ఇచ్చటనే. పళ్లెముల వంటి అంచులు గల మహాపత్రములు నీటిపై తేలు కొలనును అందరును చూతురు. మనవారు ఇంకొక చెట్టును వెదకి చూడవలెను. అది శ్రీతాళము. పూర్వము తాళపత్ర గ్రంథములకు వాడిన ఆకు దీనిదే. ఈ వృక్షము కొన్ని దశాబ్దములు పెరిగి, ఒకేసారి తలపై కలశమువలె పుష్పించి, ఫలములు రాల్చి మరణించును. మనదేశములోనే అరుదైపోయిన చెట్టును పరదేశపు తోటలో చూచుట వింతగానే ఉండును.

తరువాతి రెండు దినములు మధ్యభాగమునకును నైరుతి దిక్కునకును చాలును. క్యూర్‌పీప్ పట్టణము పీఠభూమిపై ఉన్నది. తీరమున ఎండ కాయుచుండగనే ఇక్కడ మంచును వానయు పడుచుండును. ఒక ఉన్ని వస్త్రమును వెంట ఉంచుకొనుడు. అక్కడినుండి దక్షిణముగా పోయినచో గ్రాండ్ బాసిన్ అను సరస్సు వచ్చును. అగ్నిపర్వతపు నోట నీరు నిలిచి ఏర్పడిన సరస్సు ఇది. 1972లో గంగాజలము తెచ్చి ఇందులో కలిపినారు; నాటినుండి ఇది గంగా తలావ్. మహాశివరాత్రికి లక్షల జనము తెల్లని వస్త్రములు ధరించి, పూలతో అలంకరించిన కావళ్లు మోసికొని, దినముల తరబడి కాలినడకన ఇచ్చటికి వత్తురు. త్రోవలో అన్ని మతములవారును వారికి నీరు, ఫలములు అందింతురు. ఆ సమయమున రోడ్లపై వాహనములు మెల్లగా నడచును గనుక విమానమునకు పోవలసినవారు వేళను ముందే లెక్క వేసికొనవలెను.

ఇంకను ముందుకు పోగా నల్లనది లోయల జాతీయవనము, ఆ పైన చమరెల్ గ్రామము వచ్చును. చమరెల్ వద్ద చెట్టు చేమ లేని చిన్న దిబ్బలు ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు రంగులలో పొరలు పొరలుగా కనిపించును. అగ్నిశిల శిథిలమై మన్నగునపుడు అందలి ఇనుము, అల్యూమినియము వేరువేరు పాళ్లలో నిలుచుటవలన ఈ వన్నెలు ఏర్పడినవి. ఉదయపుటెండలో రంగులు స్పష్టముగా ఉండును.

నైరుతి కొసన ల మోర్న్ అను కొండ సముద్రములోనికి చొచ్చుకొని నిలిచియున్నది. ఎత్తు 556 మీటర్లు. తోటలనుండి పారిపోయిన బానిసలు ఈ కొండ గుహలలో దాగెడివారు. బానిసత్వము రద్దైనదను వార్త చెప్పుటకు సైనికులు కొండనెక్కుచుండగా, తమ్ము పట్టుకొనుటకే వచ్చుచున్నారనుకొని ఆ జనము శిఖరమునుండి దూకిరని అక్కడివారు చెప్పుకొందురు. 2008లో ఈ కొండయు ప్రపంచ వారసత్వ స్థలమైనది. దిగువ తీరమున గొప్ప హోటళ్లు ఉన్నవి. వానిలో దిగినవారు ఒక ఉదయమైనను కొండవైపు నడచి రావలెనని నా మనవి.

ఆగ్నేయ తీరమున మాయెబూర్ పట్టణము, దాని ఎదుట ఈల్ ఓ ఎగ్రెత్ అను చిన్న లంక ఉన్నవి. మారిషస్ వన్యప్రాణి సంస్థవారు ఆ లంకలో స్వదేశపు వృక్షములను, పక్షులను తిరిగి పెంచుచున్నారు. డోడో పోయినది, దానిని తేలేము. కాని ఈ ద్వీపపు డేగ 1974లో నాలుగే మిగిలియుండెను. గులాబీరంగు పావురము 1990 ప్రాంతమున పది మాత్రమే. గ్రుడ్లను సేకరించి, పిల్లలను చేతితో పెంచి, ఎలుకలను కోతులను దూరముగా ఉంచి, ఆ రెండు జాతులను వందలలోనికి తెచ్చినారు. ఈ తీరమునకు దగ్గరనే 2020 జూలై 25న వకాషియో అను సరకుల ఓడ పగడపు దిబ్బపై ఎక్కి, తరువాతి మాసమున సుమారు వేయి టన్నుల చమురు సముద్రములోనికి కారినది. అప్పుడు ఊళ్లకు ఊళ్లే కదలి వచ్చి, చెరకు ఆకును గుడ్డ సంచులలో కూరి, పొడవైన దండలుగా కట్టి, నీటిపై వేసి చమురును అడ్డిరి. స్త్రీలు పురుషులు తలవెండ్రుకలు కత్తిరించి ఇచ్చిరి. సముద్రమే వారికి అన్నము పెట్టునది. కావున అక్కడ పగడపు ముక్క విరుచుట, గవ్వలు ఏరి పెట్టెలో పెట్టుకొనుట చిన్న తప్పని అనుకొనరాదు.

ఇక ప్రయాణపు వ్యవహారములు.

కాలము సంగతి ముందు చెప్పవలెను. ఆ దేశము భూమధ్యరేఖకు దక్షిణమున ఉండుటచే ఋతువులు మనకు తలక్రిందులు. నవంబరు మొదలు ఏప్రిల్ వరకు వేడిమి, వానలు. మే మొదలు అక్టోబరు వరకు చలువ. మన వేసవి సెలవులలో పోయినచో అక్కడ హాయియైన చలికాలము దొరకును. తుపానుల భయము నవంబరు నుండి మే మొదలు వరకు ఉన్నను, జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసములలో హెచ్చు. 1960 ఫిబ్రవరిలో కేరల్ అను తుపాను ఇండ్లను నేలమట్టము చేసి, చెరకును ఊడ్చివేసినది. ఆ పిమ్మటనే జనము కర్రయిండ్లు మాని కాంక్రీటు ఇండ్లు కట్టుట ఎక్కువైనది. 2024 జనవరి 15న బెలాల్ తుపానునాడు పోర్టు లూయీ వీధులలో కార్లు నీటిపై కొట్టుకొనిపోయినవి. తుపాను హెచ్చరికలు నాలుగు తరగతులు. ఒకటవదియు రెండవదియు సిద్ధము కండని చెప్పును. గంటకు 120 కిలోమీటర్ల వేగపు గాలి రానున్నదని తెలుపునది మూడవది. వచ్చినదని తెలుపునది నాలుగవది. మూడవ హెచ్చరిక వెలువడగానే దుకాణములు మూసి అందరును ఇండ్లు చేరుదురు. మీరును బస విడిచి బయటికి పోరాదు. గాలి ఒక్కసారిగా ఆగినచో తుపాను తొలగినదని భ్రమింపరాదు. అది తుపాను కన్ను. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కునుండి తిరిగి వీచును. దివిసీమ ఉప్పెనను చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి రాత్రులలో అక్కడి ఇండ్లలో రేడియో తెల్లవార్లు మ్రోగుచుండును.

విమానములు ముంబాయి, ఢిల్లీలనుండి నేరుగా పోవును. ప్రయాణకాలము ఇంచుమించు ఆరేడు గంటలు. గడియారమును గంటన్నర వెనుకకు త్రిప్పుకొనవలెను. విహారమునకు పోవు భారత పౌరులు ముందుగా వీసా తీసికొననక్కరలేదు, దిగినచోటనే ఇత్తురు. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు, బస ఏర్పాటైనట్లు కాగితము, ఖర్చులకు ధనమున్నట్లు ఆధారము చేతిలో ఉండవలెను. ప్రయాణమునకు ముందు ఇంటర్నెట్టులో నింపవలసిన పత్రము ఒకటి కలదు. నియమములు మారుచుండును గనుక టిక్కెట్టు కొనుటకు ముందు ఢిల్లీలోని మారిషస్ హైకమిషను వారి ప్రకటనలను ఒకసారి చూచుకొనుడు. మొక్కలు, విత్తనములు, పచ్చి ఫలములు అనుమతి లేనిదే తీసికొనిపోరాదు. మాత్రలు వాడువారు వైద్యుని చీటీని వెంట ఉంచుకొనవలెను. మత్తుపదార్థముల విషయమున అక్కడి చట్టము కడు కఠినము.

వారి నాణెమును కూడ రూపాయియే అందురు. కాని అది మన రూపాయి కాదు. ఇటీవలి మారకమున వారి రూపాయి ఇంచుమించు మన రెండు రూపాయలు. అంగడిలో ధర విని చౌక అనుకొని, ఇంటికి వచ్చి లెక్క చూచి నివ్వెరపోయినవారు ఉన్నారు. విద్యుత్తు మనవలెనే 230 వోల్టులు. కాని గోడకున్న రంధ్రములు చాలాచోట్ల ఇంగ్లండు పద్ధతిలో చదరపు పుల్లలకు చేసినవి. దానికి తగిన అడాప్టరు ఒకటి కొనిపొండు.

రోడ్డున ఎడమవైపు నడచుట మన పద్ధతియే. పోర్టు లూయీ నుండి రోజ్ హిల్, కాత్ర్ బోర్న్, వకోవా మీదుగా క్యూర్‌పీప్ వరకు మెట్రో రైలు కలదు. మిగిలిన ఊళ్లన్నిటికి బస్సులు కలవు. చౌకయు, జనమును చూచుటకు తగినవియు అవియే. కాని గ్రామములకు సాయంకాలము దాటిన పిమ్మట బస్సులు దొరకుట కష్టము. టాక్సీ ఎక్కుటకు ముందే ధర మాట్లాడుకొనవలెను. నలుగురైదుగురు కలసి దినమునకు ఒక కారును కుదుర్చుకొన్నచో ఖర్చు తగ్గును.

భోజనమునకు చింత లేదు. వీధుల మూలలందు ధోల్ పూరీ అను పలుచని రొట్టె దొరకును. ఉడికించిన పప్పును నూరి లోపల పెట్టి కాల్చిన ఆ రొట్టెలో చిక్కుడుగింజల కూర, టమాటా పచ్చడి, మిరపకాయ నూరినది వేసి చుట్టి ఇత్తురు. శాకాహారులకు ఒక పూట అదే చాలును. 'గాతో పిమా' అను పేరు విని అదేమో అనుకొనవలదు. అది మన పప్పువడకు చెల్లెలు. హోటళ్లలో శాకాహారమని చెప్పినపుడు చేపయు గ్రుడ్డును కూడ వలదని విడమరచి చెప్పుట క్షేమము.

సముద్రస్నానము చేయువారు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. పగడపు దిబ్బలో అక్కడక్కడ సందులున్నవి. లోపలి నీరు ఆ సందులగుండ బయటి సముద్రమునకు బలముగా లాగును. స్థానికులు స్నానము చేయనిచోట దిగరాదు. దక్షిణ తీరమున గ్రీ-గ్రీ వంటి చోట్ల దిబ్బ లేదు. అలలు నేరుగా రాళ్లపై విరుచుకొనిపడును. అది చూచుటకే గాని స్నానమునకు కాదు. మూడవది, నీటిలో నడచునపుడు రబ్బరు చెప్పులు తొడుగుకొనుడు. రాతివలె కనిపించు విషపు చేప ఒకటి, ముండ్ల జంతువులు అడుగున ఉండును. తీరములన్నియు ప్రజలవే, హోటలు ఎదుటనున్న ఇసుకపై నడచుటకు ఎవరును అడ్డు చెప్పరాదు. ఆపద వచ్చినచో పోలీసులకు 999, వైద్య సహాయమునకు 114 అను సంఖ్యలు.

ఇక నేను మొదట చెప్పెదనన్న రెండవ కారణము.

గోదావరి నది సముద్రములో కలియు తావున కోరంగి అను రేవు ఉండెను. 1839 తుపానులో ఆ రేవు ధ్వంసమైనది. ఆ రేవునుండియు, విశాఖపట్టణము మద్రాసు రేవులనుండియు, గంజాము, విశాఖ, గోదావరి మండలముల జనము కరువులకును అప్పులకును తాళలేక, దళారుల మాటలు నమ్మి మారిషసుకు ఓడలెక్కిరి. అక్కడివారు తెలుగువారిని చాలాకాలము 'కోరంగీలు' అనియే పిలిచిరి. వారి సంతతివారు నేడు ఆ దేశములో నూటికి ఇద్దరు ముగ్గురు ఉందురు. అప్పన్న, రామన్న, వెంకటస్వామి వంటి తాతల పేర్లు మనుమల కాలమునకు ఇంటిపేర్లైనవి. ఫ్రెంచి భాషలో నవలలు వ్రాసి పేరు పొందిన నతాషా అప్పన్న ఈ సంతతిలోనిదే. 1973లో మాయెబూరులో జన్మించిన ఆమె మొదటి నవల ఒడంబడిక కూలీల కథయే.

ఉగాది అక్కడ ప్రభుత్వపు సెలవుదినము. అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ, రామభజనము గ్రామములలో జరుగుచుండును. పాఠశాలలలోను, మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలోను తెలుగు నేర్పుదురు. అక్కడి ఆకాశవాణియు తెలుగు కార్యక్రమములు ప్రసారము చేయును. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది కూడ ఆ దేశముననే. అయినను ఇంటిలో మాటలాడు భాష క్రియోల్. తెలుగు గుడిలోనికిని బడిలోనికిని పోయి నిలిచినది.

నేను ఆ దేశమునకు పోయినపుడు ఒక గ్రామమున రామభజనకు పిలిచిరి. నడుమ దీపస్తంభము, దాని చుట్టును తాళములతో తిరుగుచు పాడుచున్నారు. పాటలోని మాటలు మన శ్రీకాకుళపు మాటలు. పాడుచున్న యువకులలో పలువురికి అర్థము తెలియదు. కాని ఒక్క అక్షరము తప్పు పోవుటలేదు. భజన ముగిసిన పిమ్మట ఒక వృద్ధుడు నా ప్రక్కకు వచ్చి కూర్చుండెను. జీవితమంతయు చెరకు తోటలో పని చేసినవాడు. చేతిసంచి నుండి మడతలు పడిన కాగితము ఒకటి తీసెను. అది మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన వలస పత్రములనుండి వ్రాయించి తెచ్చుకొన్న నకలు. అందు ఆయన ముత్తాత సంఖ్య, ఓడ పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఎడమ చేతిపై మచ్చ, జిల్లా విశాఖపట్టణము అని ఉన్నవి. చివర గ్రామము పేరు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసినాడు. మూడు విధములుగా చదువవచ్చును.

"ఈ ఊరు ఉందా, బాబూ?" అని ఆయన అడిగెను. ఆయనకు వచ్చిన తెలుగు మాటలు ఏబదికి మించవు. ఆ ప్రశ్నకు కావలసిన మాటలను మాత్రము ఎన్నడో సిద్ధము చేసికొని యుండెను.

తెలిసికొని వ్రాసెదనని చెప్పితిని. తిరిగి వచ్చి గ్రామముల జాబితాలు వెదకితిని. ఆ అక్షరములకు సరిపోవు గ్రామములు నాలుగు తేలినవి. రెండింటికి స్వయముగా పోయితిని. ఒకచోట ఒక ముసలమ్మ, తన అత్తగారి వంశములో ఎవడో అలిగి సముద్రము మీద పోయినాడని చెప్పెడివారనెను. పేరు ఆమెకు తెలియదు. ఈ సంగతిని, నాలుగు గ్రామముల పేర్లను తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాసి ఆయనకు పంపితిని. రెండు నెలలకు ఆయన మనుమరాలు జవాబు వ్రాసినది. తాతగారు నాలుగు పేర్లను కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాయించి, దేవుని పటము ప్రక్కన పెట్టుకొన్నారట. ఏది తమదో తేలువరకు నాలుగింటికిని దీపము పెట్టుచున్నారట.

ఇట్టి కాగితములు అక్కడి ఇండ్లలో ఇంకను ఎన్నియో ఉన్నవి. ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతముల శ్రోతలను ఒకటి కోరుచున్నాను. మీ వంశములో సముద్రము మీద పోయి తిరిగి రానివారిని గూర్చి పెద్దలు ఏమైన చెప్పియున్నచో, ఆ పెద్దలు ఉండగనే పేరు, ఊరు, ఇంచుమించు కాలము వ్రాసిపెట్టుడు. మారిషసుకు పోవువారు మీ తాత ముత్తాతల గ్రామముల పేర్లను, ఆ చుట్టుప్రక్కల ఊళ్ల పేర్లను ఒక కాగితముపై వ్రాసి వెంట తీసికొనిపొండు. ఒక సాయంకాలము సముద్రతీరమును విడిచి ఏదైన తెలుగు గుడికి వెళ్లుడు. మీరు వచ్చినదెక్కడినుండియో తెలిసిన వెంటనే ఎవరో ఒకరు ఇంటిలోనికి పోయి ఒక కాగితము తెత్తురు.